ఏసుక్రీస్తు చారిత్రక పురుషుడా?



ఏసుక్రీస్తు నిజముగా పుట్టి పెరిగిన మనుష్యుడా, లేక కథలయందే వెలసినవాడా అను ప్రశ్న మా ఇబ్రహీంపట్నమున వినవచ్చుచుండును. ఒకరు భక్తిచే అవునందురు. మరియొకరు విముఖతచే కాదందురు. భక్తియు విముఖతయు ప్రమాణములు కావు. తర్కము కొంత చదివి, బడిలో చరిత్ర చెప్పినవాడను గనుక, నిర్ణయమెట్లు చేయవలెనో విన్నవించెదను.

"ఆయన జీవితకాలపు శాసన మొక్కటియు లేదు, కావున ఆయనయే లేడు" అనునది పూర్వపక్షము. కనబడకపోవుట యొక ప్రమాణమని మన శాస్త్రకారులలో పలువు రంగీకరించిరి. కాని ఉన్నచో తప్పక కనబడవలసినది కనబడనప్పుడే లేదనవలెనని నియమించిరి. పట్టపగలు ముంగిట ఏనుగు కనబడనిచో లేదనవచ్చును. చీకటిలో చీమ కనబడలేదని లేదనరాదు.

మా యూరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ప్రభువు. అట్టివానికి శాసనములు, గోరి, కృతి యుండవలెను, ఉన్నవి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. వేమన మాటయో? ఆయన కాలమే వివాదగ్రస్తము. బ్రౌను దొర ఆ పద్యములను 1829లో అచ్చువేయించెను. శాసనము లేదని వేమన లేడనుట తొందరపాటు గదా! గలిలయ పల్లెలలో తిరిగిన బోధకుడును ఈ విషయమున వేమన వంటివాడే.

ఇక సాక్షులు. పొలిమేర తగవులో చుట్టము మాటకంటె ప్రతిపక్షి యొప్పుకోలు బలీయమని మీరెరుగుదురు. రోము చరిత్రకారుడగు టాసిటస్ క్రైస్తవులను ఏవగించుకొనినవాడు. అయినను, తిబెరి చక్రవర్తి కాలమున పొంతి పిలాతు క్రీస్తునకు మరణదండన విధించెనని సుమారు 116లో వ్రాసెను. అది క్రైస్తవుల నోట విన్నమాటయే కావచ్చునని ఆక్షేపణ కలదు.

యూదుడగు జోసీఫస్ సుమారు 93లో వ్రాసిన గ్రంథమున ఏసు ప్రస్తావన రెండుచోట్ల నున్నది. ఒకచోట తరువాతి లేఖకుల ప్రక్షిప్తములు చేరినవి. మన తాళపత్రములలో ఇది క్రొత్తగాదు. రెండవచోట "క్రీస్తనబడు ఏసు సోదరుడు" యాకోబు వధ చెప్పబడినది. దీనిని పండితులలో అధికసంఖ్యాకు లంగీకరింతురు.

అన్నిటికంటె ప్రాచీనములు పౌలు లేఖలు. 50 మొదలు 60 వరకు గల కాలమునాటివి. మొదట క్రైస్తవులను హింసించిన ఈయన, ప్రభువు సోదరుడగు యాకోబును చూచితినని గలతీయులకు వ్రాసెను. "సోదరుడు" అనునది సంఘమర్యాద మాత్రమే యందురా? అచ్చటనే పేరుగొన్న పేతురున కా బిరుదు లేదు. లేని మనుష్యునకు తోబుట్టువుండడు.

1961లో కైసరయలో పిలాతు పేరుగల రాయి దొరకినది. అది పిలాతునకే సాక్ష్యము, ఏసునకు గాదు. "క్రీస్తు శకము" అను లెక్కయు సాక్ష్యము గాదు. అది ఆరవ శతాబ్దమున నేర్పడినది.

కావున సిద్ధాంత మిది: ఏసు అను బోధకుడు జీవించెను, పిలాతు అధికారము చేసిన 26-36 సంవత్సరముల నడుమ సిలువపై మరణించెను. మహిమలు, పునరుత్థానము విశ్వాసమునకు సంబంధించినవి. చరిత్ర వానికి తీర్పరి గాదు. పొరుగువానితో "నీ దేవుడు కల్పితుడు" అనువాడును, మనుష్యుడుండుటచేతనే దైవత్వము రుజువైనదనువాడును సాక్ష్యమును మీరినవారే. పరుల పూజ్యులను ఏ త్రాసుతో తూచెదమో, మన పూజ్యులను ఆ త్రాసుతోనే తూచుట ధర్మము. మీ రచ్చబండ తీర్పులకు ఈ న్యాయమే తగును.