బరువు తగ్గే ఇంజెక్షన్: ఆకలి తగ్గినా తిండి మానొద్దు

మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. రెండూ వారానికి ఒక్కసారి తీసుకునే ఇంజెక్షన్లే. కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది, ఆకలి తగ్గుతుంది. తిరకాసు ఇక్కడే. ఆకలి లేదని పూటలు ఎగ్గొడితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇళ్లలో ఉండే తిండే చాలు: ముందు గుడ్డో, పప్పో, చికెనో, తర్వాత జొన్నరొట్టె. దావత్‌లో నాలుగు ముద్దల బిర్యానీ తినడం తప్పు కాదు. నూనె ఎక్కువైతే మాత్రం వికారం, వాంతులు. "ఇంకొంచెం తిను బేటా" అని అమ్మీలు ప్లేటు నింపకపోతే మేలు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ కూడా వాడేవాళ్లకు షుగర్ బాగా పడిపోవచ్చు. రంజాన్ రోజాలు మొదలయ్యేలోపే డాక్టర్‌ను కలిసి డోసులు మార్చాలేమో అడగాలి.