జానెడైనా లేదు!

కత్తి గొప్పదనమంతా అది కనబడడంలోనే ఉంది. నడుముకు వేలాడే ఒరను చూస్తే దారిదోపిడీగాడు కూడా ఓ అడుగు వెనక్కి వేస్తాడు. మరి ఎవరి కంటా పడకుండా రొంటిన దోపుకునే పిస్తోలు సంగతేమిటి? కనబడనిదాన్ని చూసి జడిసేదెవరు? అయినా, దాచుకోవడానికి వీలైన పిస్తోలు కోసం మనుషులు రెండువందల ఏళ్ళకు పైగా వెదుకుతూనే ఉన్నారు.

ఈ ఎంపికలో పేచీ ఎప్పుడూ ఒకటే. చిన్నదైతే జేబులో ఒదుగుతుంది గాని, తూటాలు తక్కువ, దూరం గురి కుదరదు. పెద్దదైతే గురి బాగానే ఉంటుంది గాని, కోటు ఎత్తుగా లేచి గుట్టు రట్టవుతుంది! ఐరోపాలో ఆడవాళ్ళు చలికి చేతులు దూర్చుకునే బొచ్చు తొడుగుల్లో పట్టేటట్టు కూడా బుల్లి పిస్తోళ్ళు చేశారంటే చూడండి. చీరకు తగ్గ రవిక వెదికినట్టు, తొడుగుకు తగ్గ పిస్తోలన్నమాట.

పిట్ట కొంచెం, కూత ఘనం అనిపించినవాడు అమెరికాలో ఫిలడెల్ఫియా నగరానికి చెందిన హెన్రీ డెరింజర్. ఆయన జేబు పిస్తోలుకు ఎంత గిరాకీ అంటే, నకళ్ళు చేసేవాళ్ళు అదే ఇంటిపేరున్న ఓ దర్జీని పట్టుకొచ్చి, అతని పేరు చెక్కి మరీ అమ్ముకున్నారు! చివరికి డెరింజర్ అంటే మనిషి పేరు పోయి, వస్తువు పేరైపోయింది.

1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్ ఫోర్డ్ థియేటర్‌లో జాన్ విల్క్స్ బూత్ జేబులో ఉన్నది అదే. పొడవు ఆరంగుళాలు, బరువు పావుకిలో వంకాయలంత. ఒక్కటే తూటా. అందుకే రెండోచేతికి బాకు కూడా తెచ్చుకున్నాడు. భార్య పక్కన కూర్చుని నాటకం చూస్తున్న లింకన్‌కు ఆ ఒక్క తూటాయే చాలిపోయింది.

తయారీదారులు మాత్రం ఆగలేదు. వెనక కొక్కెంలా పొడుచుకొచ్చిన సుత్తి, జేబులోంచి తీసేటప్పుడు బట్టకు తగులుకుంటోందని గొడవ. స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు 1880ల్లో దాన్ని లోపలికి దాచేశారు. ఆ తర్వాత జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేయగా బెల్జియంలో తయారైన 1910 మోడల్ పిస్తోలుకు పైన సుత్తే లేదు. నున్నగా జేబులోంచి జారి వస్తుంది. 1914 జూన్ 28న సారాయెవోలో పందొమ్మిదేళ్ళ గవ్రిలో ప్రిన్సిప్ చేతిలో ఉన్నది ఆ రకమే. రెండే తూటాలు. ఆస్ట్రియా యువరాజూ, ఆయన భార్యా పోయారు. నెల తిరిగేసరికి మొదటి ప్రపంచయుద్ధం!

మూడోది మన ఇంటి దుఃఖం. 1948 జనవరి 20న ఢిల్లీలో ప్రార్థనసభ దగ్గర బాంబు పేలాక కూడా, వచ్చేవాళ్ళ ఒళ్ళు తడిమి చూడడానికి గాంధీజీ ఒప్పుకోలేదు. పదిరోజులకు, నమస్కరిస్తున్నట్టు వంగిన గాడ్సే చేతిలో ఇటలీలో తయారైన 1934 మోడల్ బెరెట్టా ఉంది.

చిత్రమేమిటంటే, ఈ మూడు పిస్తోళ్ళ పొడవూ ఇంచుమించు ఆరంగుళాలే. జానెడైనా లేదు! మూడుసార్లూ కాల్చింది దగ్గరికొచ్చే. ఆత్మరక్షణకని అమ్మిన సుగుణమే, అంటే కనబడకపోవడమే, హంతకుడికి అక్కరకొచ్చింది.

ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘోరం తర్వాత, 2014లో కాన్పూర్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ళ కోసమంటూ 'నిర్భీక్' అనే రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో, ధర 1,22,000 రూపాయలకు పైన. నగలపెట్టెలాంటి ముదురెరుపు పెట్టెలో పెట్టి ఇచ్చారు. సంచీలో పడుతుందన్నారు. నిజమే, పడుతుంది. కాని సంచీ తెరిచి, తడిమి, తీసి, గురిపెట్టడానికి రెండు క్షణాలు కావాలి కదా!

బూత్‌కు ఆ రెండు క్షణాలూ ఉన్నాయి. ప్రిన్సిప్‌కూ, గాడ్సేకూ ఉన్నాయి. చంపాలని ముందే నిశ్చయించుకుని వచ్చినవాడు ఆ క్షణాలను జేబులో వేసుకునే వస్తాడు. చీకటిదారిలో ఇంటికి నడిచివచ్చే ఆడపిల్లకు అవి ఎవరిస్తారు? లక్ష పోసినా అవి నగలపెట్టెలో దొరకవు. ఆ దారికి ఒక దీపం, ఆపదలో ఆమె కేకవేస్తే తెరుచుకునే నాలుగు తలుపులు... పిస్తోలు కన్నా ముందు ఎంచుకోవలసినవి అవేనేమో!