విజయనగరం నడిబొడ్డు: కోట నుంచి మూడు లాంతర్ల దాకా

విజయనగరం పట్టణ చరిత్రను సాధారణంగా 1713 నాటి కోట నిర్మాణంతో ఆరంభిస్తారు. అయితే పట్టణపు నడిబొడ్డు రూపుదిద్దుకున్న తీరు తెలియడానికి కోట ఒక్కటే చాలదు. కోటకూ, మూడు లాంతర్ల కూడలిలోని పైడితల్లి గుడికీ నడుమ సాగే వీథిని పరిశీలించవలసి ఉంటుంది.

విజయదశమి తరువాతి మంగళవారం సిరిమాను ఈ వీథిలోనే గుడికీ కోటకూ నడుమ మూడుసార్లు తిరుగుతుంది. మాను కొసన ఆసీనుడైన పూజారిని జనం అమ్మవారిగానే కొలుస్తారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధంతో ముడిపడిన ఐతిహ్యం పైడితల్లిని రాజు చెల్లెలిగా చెబుతుంది. ఆ లెక్కన ఇది దేవత నగర సంచారమే కాదు, ఆడపడుచు పుట్టింటి వాకిలికి రావడం కూడా. సంస్థానాధికారం గతించిన తరువాత కూడా ఈ రాక ఆగలేదు.

సాహిత్య పరిశోధకుడు ఆగవలసిన చోటు కోట చేరువలోని బొంకులదిబ్బ. 1909 నాటి ‘కన్యాశుల్కం’ మలికూర్పులో గిరీశం తొలిసారి ప్రవేశించేది అక్కడే. 1892లో ఈ నాటకానికి తొలి ప్రదర్శన జరిగినదీ ఈ ఊళ్ళోనే. ఇతర ప్రాంతాల పాఠకునికి బొంకులదిబ్బ ఒక చమత్కారమైన పేరు మాత్రమే. స్థానికునికి రోజూ దాటే చోటు. గిరీశం గొప్పలు ‘బొంకుల’ దిబ్బమీద మొదలవడంలోని వ్యంగ్యం అతనికి రెండింతలుగా తోస్తుంది.

మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో తొలగించినప్పుడు నిరసనలు వ్యక్తమయ్యాయి. కూడలిని మాత్రం జనం నేటికీ ఆ పేరుతోనే పిలుస్తున్నారు.