ఊరు తెలంగాణలో.. శివారు ఆంధ్రలో!
- భద్రాచలం చుట్టూ అయిదు పంచాయతీల చిక్కుముడి
- విస్తరణకు చోటు లేక పట్టణం, దూరాభారంతో పల్లెలు సతమతం

భద్రాచలం: పట్టణం నుంచి చర్ల వెళ్లే బస్సు బయలుదేరిన కొద్ది నిమిషాలకే రాష్ట్రం దాటుతుంది. ఎటపాక మొదలుకొని కొంత దూరం ఆంధ్రప్రదేశ్‌లో ప్రయాణించి, దుమ్ముగూడెం మండలంలో మళ్లీ తెలంగాణలోకి ప్రవేశిస్తుంది. ప్రయాణికులకు ఇది నిత్యకృత్యమే. పక్క వీధిలా కలిసిపోయిన శివారు గ్రామాలు పరాయి రాష్ట్రంలో ఉండడం మాత్రం భద్రాద్రివాసులకు నేటికీ మింగుడుపడని విషయమే. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీల భవితవ్యం ఎన్నికలు వచ్చినప్పుడల్లా, గోదావరికి వరద వచ్చినప్పుడల్లా చర్చకు వస్తూనే ఉంది.

ఇదీ నేపథ్యం
భద్రాచలం ప్రాంతం ఒకప్పుడు తూర్పుగోదావరి జిల్లాలో అంతర్భాగం. 1953లో వరంగల్ జిల్లా నుంచి విడివడి ఖమ్మం జిల్లా ఏర్పడగా, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం ప్రాంతాలను అందులో కలిపారు. అప్పట్లో గోదావరి దాటాలంటే పడవలే దిక్కు. 1965లో వారధి ప్రారంభం కావడంతో ఖమ్మం, కొత్తగూడెం వైపు రాకపోకలు సులభమయ్యాయి. నదికి ఆవల సారపాకలో కాగితపు పరిశ్రమ, ఈవల రామాలయం, గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం, ఏరియా ఆసుపత్రి ఉండడంతో మన్యం మొత్తానికి భద్రాచలమే కూడలి అయింది.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఆవిర్భవించింది. అంతకు నాలుగు రోజుల ముందు, మే 29న పోలవరం ముంపు ప్రాంతాలను ఆంధ్రప్రదేశ్‌కు బదలాయిస్తూ కేంద్రం ఆర్డినెన్సు జారీ చేసింది. జూలైలో పార్లమెంటు దానిని చట్టంగా ఆమోదించింది. దీని ప్రకారం కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వర రామచంద్రాపురం మండలాలు పూర్తిగా, బూర్గంపాడు మండలం కొంత మేర ఆంధ్రకు వెళ్లాయి. భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటే తెలంగాణకు మిగిలింది. మిగతా గ్రామాలతో ఆంధ్రలో ఎటపాక మండలం ఏర్పాటైంది.

కార్యాలయం ఒకచోట.. బజారు ఒకచోట
ఈ గ్రామాలవారికి రేషను కార్డు, పింఛను, కుల ధ్రువీకరణ పత్రం ఇచ్చేది ఆంధ్ర ప్రభుత్వం. సరుకులకైనా, చదువుకైనా, జ్వరమొచ్చినా వచ్చేది భద్రాచలానికే. విభజన అనంతరం వీరికి జిల్లా కేంద్రం కాకినాడ అయింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎటపాక చేరింది. ఘాట్ రోడ్ల గుండా వందల కిలోమీటర్లు ప్రయాణిస్తే గాని నాటి కలెక్టరేటు రాదు. అదే భద్రాచలం నుంచి కొత్తగూడెం సుమారు 40 కిలోమీటర్లే.

చెత్తకూ చోటు కరవు
భద్రాచలం జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 50 వేలు. ఒక వైపు గోదావరి, మిగతా వైపుల రాష్ట్ర సరిహద్దు ఉండడంతో పట్టణం పెరిగే దారి లేదు. డంపింగ్ యార్డుకు స్థలం దొరకక చెత్తను నదీతీరంలో పోయవలసిన దుస్థితి దాపురించింది. ఇళ్ల స్థలాలకు, ప్రభుత్వ భవనాలకు కూడా ఇదే ఇబ్బంది. రామాలయానికి పురుషోత్తపట్నంలో 889 ఎకరాలకు పైగా భూమి ఉన్నప్పటికీ అది పొరుగు రాష్ట్రంలో ఉంది. ఆక్రమణల తొలగింపు ప్రతిసారీ వివాదాస్పదమవుతోంది. 2025 జూలైలో అక్కడ ఆక్రమణలను అడ్డుకునేందుకు వెళ్లిన ఆలయ అధికారులకు, స్థానికులకు మధ్య ఘర్షణ చోటుచేసుకుంది.

వరదకు సరిహద్దు లేదు
భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండో, 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. నీరు పెరిగేకొద్దీ చర్ల, కూనవరం వైపు రహదారులు మునిగి రాకపోకలు స్తంభిస్తాయి. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగులే ఇప్పటికీ రికార్డు. 2022 జూలై 16న 71.3 అడుగులకు చేరినప్పుడు వారధిపై రాకపోకలు నిలిపివేశారు. పట్టణానికి కరకట్ట రక్షణగా నిలిచినా, నది ఉప్పొంగిన వేళ లోపల కురిసిన వాన నీరు బయటకు పోయే మార్గం ఉండదు. దీంతో ఆలయ పరిసరాలు, పల్లపు కాలనీలు జలమయమవుతాయి. 2024లో రెండో వారధి అందుబాటులోకి రావడం కొంత ఊరట.

ఆ వరద తగ్గిన వెంటనే అయిదు పంచాయతీల ప్రజలు తమను తెలంగాణలో కలపాలంటూ రోడ్డెక్కారు. పోలవరంలో పూర్తి స్థాయిలో, అంటే 150 అడుగుల మేర నీరు నిలిపితే వెనుక జలాల ప్రభావం ఎంత ఉంటుందన్న సందేహం రెండు వైపులా ఉంది. పునరావాస ప్యాకేజీపై ఆశ పెట్టుకున్న ముంపు మండలాలవారి పరిస్థితి వేరు. అయిదు పంచాయతీల గోడు వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదన్నది స్థానికుల వాదన.

పరిష్కారం ఎవరి చేతిలో?
రాష్ట్రాల సరిహద్దు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటుదే. గ్రామసభలు తీర్మానించినా, ముఖ్యమంత్రులు అంగీకరించినా చట్ట సవరణ తప్పనిసరి. 2024 జూలై 6న హైదరాబాదులోని ప్రజాభవన్‌లో ఇరు రాష్ట్రాల ముఖ్యమంత్రులు విభజన అంశాలపై సమావేశమైనప్పుడు ఈ గ్రామాల ప్రస్తావన రావడంతో ఆశలు చిగురించాయి. అయితే సరిహద్దు మారే వరకు ఆగనక్కరలేని పనులూ ఉన్నాయి. చెత్తకు ఉమ్మడి స్థలం, ఆలయ భూములపై ఉభయ రెవెన్యూ శాఖల సంయుక్త సర్వే, వరద వేళ రెండు రాష్ట్రాల సిబ్బంది కలిసి పనిచేసే ఏర్పాటు ఇందులో ముఖ్యమైనవి. అధికారులు ఒకచోట కూర్చుంటే ఇవి అసాధ్యమేమీ కాదు. మళ్లీ గోదావరి పోటెత్తే లోపు ఆ పని జరగాలని ఇరువైపుల ప్రజలు కోరుతున్నారు.