తుడుము దెబ్బ నుంచి బేస్ తీగ దాకా

అరకులో థింసా చూసొచ్చినవాళ్ళను కదిపితే ముందు ఆడవాళ్ళ చీరకట్టు గురించి చెబుతారు. ఒకరి వీపు వెనగ్గా ఒకరు చేతులు పెనవేసుకుని, వంకర్లు తిరుగుతూ సాగే వరుస గురించి చెబుతారు. మోరి ఊదినాయన బుగ్గలు కూడా కొందరికి గుర్తుంటాయి. తుడుము కొట్టినాయన ముఖం ఎలా ఉంటుందో చెప్పగలిగేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. పదిహేను, ఇరవై మంది పాదాలు ఒకే క్షణంలో నేలను తాకుతున్నాయంటే అందుకు కారణం ఆయన చేతిలోని రెండు పుల్లలే.

సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ పట్టుకుని వెనక నిలబడే కుర్రాడిదీ ఇదే పరిస్థితి. పాట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా రెండు స్వరాలు, మహా అయితే నాలుగు. అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. ‘అందులో ఏముంది, ఎవరైనా వాయిస్తారు’ అన్న మాట అతనికి కొత్త కాదు. ఆ మాట తప్పని నా గట్టి నమ్మకం. బేస్ గిటార్ వయసు ఇంకా వందేళ్ళు కూడా కాలేదు. అది చేసే పని మాత్రం తూర్పు కనుమల్లో అంతకు చాలా ముందు నుంచీ ఉంది.

థింసాతోనే మొదలుపెడదాం. చైత్రమాసంలో వచ్చే పండగలకు, పెళ్ళిళ్ళకు పోర్జ, కోటియా, బగత, వాల్మీకి, కొండదొర ఊళ్ళలో ఆడే ఆట ఇది. ఒక్కటి కాదు, చాలా రకాలున్నాయి. బోడ థింసా గ్రామదేవత కోసం ఆడతారు. అందులో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు వరుస కడితే, కుడి వరుసలో మొదటివాడు నెమలి ఈకల కట్ట పట్టుకుని ముందు నడుస్తాడు. పొతర్ తోలా ఆకులు కోసే పనిని చూపిస్తుంది. భాగ్ థింసాలో పులి బారి నుంచి తప్పించుకునే తీరు ఉంటుంది. గొడ్డి బేటలో వంగుతూ లేస్తూ పాతిక, ముప్పై అడుగులు ముందుకు వెళ్ళి, మళ్ళీ అలాగే వెనక్కి వస్తారు. అలా నాలుగైదుసార్లు. ఒక్కోదానికి ఒక్కో నడక. కానీ ఒకసారి పట్టిన నడకను ఆ ఆట అయ్యేదాకా వదలకపోవడం అన్నింటికీ ఒకటే.

ఎందుకలా? ఆ వరుసను దగ్గర్నుంచి చూస్తే జవాబు అక్కడే కనిపిస్తుంది. విడివిడిగా ఆడేవాళ్ళయితే ఒకరు తప్పినా ఆ తప్పు వాళ్ళతోనే పోతుంది. చేతులు బిగించి పట్టుకున్న గొలుసులో ఒకరి కాలు తడబడితే ఆ కుదుపు అటు ముగ్గురికీ ఇటు ముగ్గురికీ తగులుతుంది. అందుకే కింది దెబ్బలో ఆశ్చర్యాలకు చోటు లేదు. మోరి ఎన్ని మెలికలైనా తిరగొచ్చు, జోడుకొమ్ములు మధ్యలో ఒక్కసారిగా గర్జించవచ్చు, కిరిడి చిటపటలాడవచ్చు. తుడుము, డప్పు మాత్రం తరువాతి దెబ్బ ఎక్కడ పడుతుందో అందరికీ ముందే తెలిసేలా సాగాలి. పైన ఆడే స్వేచ్ఛంతా కింద నిలిచిన ఈ కట్టుబాటు మీదే ఆధారపడి ఉంటుంది.

వాయించడానికి ముందు జరిగే తంతును కూడా చూడాలి. అరకు చలి తెలిసిందే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మంచు దిగితే తోలు చెమ్మ పట్టి వదులైపోతుంది. దెబ్బ వేస్తే మొద్దుగా, అణగారినట్టు పలుకుతుంది. అందుకే నెగడు దగ్గర కూర్చుని వాద్యానికి సెగ చూపిస్తారు. మంటకు మరీ దగ్గర పెడితే తోలు చిట్లుతుంది, దూరం పెడితే బిగియదు. కాసేపు సెగ చూపి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ సెగకు పెడతారు. డప్పుది పలుచటి తోలు కాబట్టి త్వరగా బిగుస్తుంది, అంతే త్వరగా చల్లారుతుంది. రాత్రంతా ఆట ఉంటే ఆ మంట కూడా రాత్రంతా ఉండాల్సిందే. ‘ఎవరైనా వాయించే’ పనికి ఇంత శ్రద్ధ అక్కర్లేదు కదా.

ఈ ఆట ఆంధ్ర సరిహద్దుతో ఆగిపోయేది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఇప్పటి కోరాపుట్‌తో సహా జయపురం సంస్థానపు కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. కోరాపుట్ వైపు ఇదే ఆటను ఢెంసా అంటారు. మన మోరి అక్కడ మహురి. ఢోలు, గిన్నె ఆకారపు టమక్ దాని కింద నడుస్తాయి. అరకు ఊళ్ళలో వేర్వేరు తెగలవాళ్ళు కలిసినప్పుడు మాట్లాడుకునే ఆదివాసీ ఒడియాలోనే చాలా థింసా పాటలు ఉండటానికి కారణం కూడా ఈ పాత పొత్తే.

కోరాపుట్ వైపు ఈ వాద్యాలు వాయించేది ఎక్కువగా డొంబులు. ఆడేది ఒక తెగ, వాయించేది మరొక కులం. వాళ్ళు రాకపోతే ఆట లేదు, పెళ్ళి లేదు. అయినా ఊరి లెక్కలో వాళ్ళది తక్కువ స్థానం. మైదానంలో డప్పు కొట్టిన మాదిగల కథ మనకు తెలియనిది కాదు. ఊరి పండగకు అడుగు నేర్పిన చేతిని ఊరి బయటే ఉంచారు. లయ పట్టేవాడి పనిని తేలిక చేసి మాట్లాడటం మనకు ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే, దాని వేరు సంగీతంలో కాక ఇక్కడే దొరుకుతుందని నాకనిపిస్తుంది.

కొండ దిగి విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లోకి వస్తే జముకు వినపడుతుంది. నా దృష్టిలో బేస్ గిటార్‌కు మన నేల మీద అసలైన పూర్వీకుడు ఇదే. గుండ్రటి గుల్ల, ఒకవైపు తోలు, ఆ తోలు మధ్యలోంచి లాగి కట్టిన ఒకే ఒక్క నరం. గుల్లను చంకలో ఇరికించుకుని, నరం రెండో కొసను ఒక చేత్తో లాగి పట్టుకుని, మరో చేత్తో మీటుతారు. పట్టు బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి జారుతుంది. తోలువాద్యమూ తీగవాద్యమూ ఒక్కటైనట్టు, దెబ్బలోనే స్వరం ఉంటుంది. జముకుల కథ చెప్పే ఆయన రాత్రంతా కథ నడిపిస్తుంటే పక్కన అదే ‘బుంయ్ బుంయ్’ అంటూ సాగుతుంది. తెలంగాణలో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ళ చేతిలోని జమిడిక దీని తోబుట్టువే. పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు (1943–2020) ఉత్తరాంధ్ర పల్లె బాణీలను ఉద్యమ వేదికల మీదికి ఎక్కించినప్పుడు, రెండు మూడు స్వరాల మీదే వేలాది మందిని ఊపేయవచ్చని రాష్ట్రమంతా చూసింది. కథ చెప్పే వాద్యాల్లో బుర్రకథ గుమ్మెటలదీ అదే దారి. షేక్ నాజర్ అల్లూరి సీతారామరాజు కథ చెబుతుంటే ఆయన గొంతు అన్ని రసాల్లోకీ వెళ్ళి వచ్చేది. పక్కన గుమ్మెట పట్టిన వంతలు మాత్రం తమ నడకలోనే ఉండేవారు.

ఇక ఆ విదేశీ వాద్యం సంగతి. 1930ల్లో పాశ్చాత్య బృందాల్లో కింది స్వరాలకు డబుల్ బేస్ ఉండేది. మనిషికన్నా ఎత్తు, మోయడం కష్టం, ఇత్తడి వాద్యాల హోరులో వినపడదు. అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన 1930ల మధ్యలో, మెడలో వేలాడదీసుకుని వాయించే ఎలక్ట్రిక్ బేస్ తయారుచేశాడు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ తెచ్చిన ‘ప్రెసిషన్ బేస్’తో కథ మారింది. నాలుగు తీగలు, మెట్ల మీద వేలు పెడితే స్వరం తప్పే ప్రసక్తి లేదు, యాంప్లిఫయర్‌కు తగిలిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. దాని అడుగు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది.

తెలుగువాళ్ళకు అది మద్రాసు స్టూడియోల మీదుగా వచ్చింది. సినిమాల్లో నిలదొక్కుకుంటున్న రోజుల్లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపిన లైట్ మ్యూజిక్ బృందంలో ఇళయరాజా గిటార్, తరవాత హార్మోనియం వాయించారు. వేరేవాళ్ళ సినిమా పాటలను ఊరూరా వాయించే బృందమే అది. అదే ఇళయరాజా 1976లో సినీ సంగీత దర్శకుడయ్యాక బేస్ గిటార్‌కు మన సినిమాల్లో అంతకుముందు లేని గౌరవం ఇచ్చారు. ఆయన పాటల్లో బేస్ పల్లవికి సమాధానం చెబుతుంది, చరణంలో తన దారిన తాను పాడుతుంది. ‘గీతాంజలి’ (1989) పాటలు మంచి హెడ్‌ఫోన్స్‌లో విన్నవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. స్టూడియోలో నొటేషన్ చూసి వాయించిన ఆ వరుసలను విశాఖ నుంచి వ్యాన్‌లో బయల్దేరి, ఎస్.కోట దాటి, అనంతగిరి ఘాట్ ఎక్కి వచ్చే ఆర్కెస్ట్రాలో ఎలా వాయించాలి? రాత్రికి ముప్పై, నలభై పాటలు. రిహార్సల్ చాలావరకు వ్యాన్‌లోనే. గాయకుడు అప్పటికప్పుడు శ్రుతి మారుస్తాడు, జనం వన్స్‌మోర్ అంటారు. కాబట్టి బేస్ వాయించేవాళ్ళు ఒక దారి కనిపెట్టారు. పాట శ్రుతిలో సా పట్టుకో, పా పట్టుకో, పాట మలుపు తిరిగే చోట మా మీదికి వెళ్ళిరా, మళ్ళీ సా దగ్గరికి వచ్చేయ్. అంతే. సొగసైన వరుసంతా రాలిపోయి ఎముక మాత్రం మిగిలింది.

పాడేరులో మే నెలలో జరిగే మోదకొండమ్మ జాతర లాంటి చోట్ల ఆ ఎముక బలం తెలుస్తుంది. స్పీకర్ల ముందు కుర్రకారు ఎగురుతున్నప్పుడు అసలు పాటలోని బేస్ వరుస లేదని ఎవరూ గుర్తించరు. కానీ బేస్ వాయించేవాడు ఒక్క నాలుగు తాళాల సేపు ఆపేస్తే కీబోర్డు, ప్యాడ్లు, గొంతు అన్నీ అలాగే ఉన్నా, ఎగిరేవాళ్ళ మోకాళ్ళలో బిగి సడలుతుంది. మళ్ళీ అందుకోగానే ఊపు తిరిగి వస్తుంది. అతని చెయ్యి చూస్తే ఆ పని ఎంత కష్టమో అర్థమవుతుంది. ఎడమచేతి వేళ్ళు దాదాపు కదలవు. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు ఒకదాని తరవాత ఒకటి, సమానమైన బలంతో, సమానమైన ఎడంతో తీగను లాగుతూ ఉండాలి. ఒక స్వరం ఎప్పుడు మొదలవ్వాలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆగాలన్నది కూడా అంతే ముఖ్యం. అరచేతి అంచుతో తీగను తాకి ఆపకపోతే ఒక స్వరం మరోదాని మీద పడి అంతా బురద అవుతుంది. మూడో గంటకు వేళ్ళ కొనలు మండుతుంటాయి, మనసు ఏదో ఒక విరుపు వెయ్యమని పోరుతుంటుంది. వెయ్యకుండా ఉండగలగడమే అతని విద్య.

ఈ కింది స్వరానికీ కాళ్ళకూ ఉన్న బంధాన్ని కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రెండుసార్లు పరీక్షించారు. 2014లో లారెల్ ట్రైనర్ బృందం పై స్వరాన్నీ కింది స్వరాన్నీ జంటగా వినిపిస్తూ, అప్పుడప్పుడు వాటిలో ఒకదాన్ని సెకనులో ఇరవయ్యో వంతు ముందుగా మోగించింది. కింది స్వరం తొందరపడినప్పుడు వినేవాళ్ళ మెదడు దాన్ని మరింత బలంగా పసిగట్టింది. తాళం వేస్తున్న వేళ్ళు కూడా దాన్నిబట్టే ఎక్కువగా సర్దుకున్నాయి. 2022లో ప్రచురితమైన మరో ప్రయోగంలో, అదే విశ్వవిద్యాలయంలో ఒక సంగీత కచేరీ జరుగుతుండగా, చెవికి పట్టీపట్టని అతి కింది ధ్వనులను మధ్యమధ్య కలిపి, ఆపి చూశారు. అవి ఉన్నప్పుడు జనం సుమారు 12 శాతం ఎక్కువగా కదిలారు. కదిలినవాళ్ళకు తామెందుకు కదిలారో తెలియదు. లయ తప్పితే కింది వాద్యంలోనే ముందు పట్టుబడతామని తుడుము వాయించేవాళ్ళకు ఏ ప్రయోగశాలా చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు రెండు చోట్లా ఆ మనిషిని తగ్గించేస్తున్నారు. ఆర్కెస్ట్రాలో ఖర్చు కలిసొస్తుందని బేస్‌ను కీబోర్డు ఎడమచేతికో, ముందే తయారుచేసిన ట్రాక్‌కో అప్పగిస్తున్నారు. అరకు రిసార్టుల్లో క్యాంప్‌ఫైర్ చుట్టూ పర్యాటకుల కోసం థింసా ఆడించేటప్పుడు కొన్నిచోట్ల వాయించేవాళ్ళకు బదులు స్పీకర్ పెట్టేస్తున్నారు. రికార్డు అలిసిపోదు, నిజమే. కానీ వరుసలో పెద్దావిడ ఆయాసపడుతోందని దానికి తెలియదు. కొత్తగా చేతులు కలిపిన పిల్లకు అడుగు అందడం లేదని చూసి ఒక్క పిసరు నెమ్మదించడం దానికి చేతకాదు. తుడుము కొట్టినాయన కళ్ళు ఎప్పుడూ పాదాల మీదే ఉంటాయి. ఒకే దెబ్బ మళ్ళీ మళ్ళీ కొడుతున్నట్టు మనకు వినిపిస్తున్నదంతా నిజానికి ఆ పాదాలను చూసి క్షణక్షణం సర్దుతున్న దెబ్బ.

2022లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన మొగిలయ్యకూ, కోయల వంశచరిత్రలు పాడిన సకిని రామచంద్రయ్యకూ పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం కొండవాద్యాల వైపు చూపు తిప్పింది. అరకు ఉత్సవాల వేదికలెక్కే థింసా బృందాల కోసం, చిన్నవే అయినా, ఇంకా కొన్ని పనులు చేయవచ్చు. ప్రకటనలో ‘గిరిజన నృత్యం’ అని వదిలేయకుండా వాయించేవాళ్ళ పేర్లు కూడా రాయవచ్చు. ఆడేవాళ్ళకిచ్చినంత రుసుము వాయించేవాళ్ళకూ ఇవ్వవచ్చు. థింసా పాటను తమ వేదిక మీద వాయించాలనుకునే విశాఖ బృందాల బేస్ గిటారిస్టులు యూట్యూబ్‌లో వెతకడం ఆపి ఘాట్ ఎక్కి రావచ్చు. బోడ నడక వేరు, భాగ్ నడక వేరు, గొడ్డి బేట నడక వేరు. వాటిని పుల్లలతో కొట్టి చూపించగలిగిన పెద్దలు అరకు, డుంబ్రిగూడ, ముంచంగిపుట్టు ఊళ్ళలో ఇవాళ్టికీ ఉన్నారు.