కె.కె. లైను ఘాటు నుంచి మంగుళూరు రన్‌వే దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు పాత సర్వీసు విశేషాలు ఏవైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, అరకు లోయ అందాలు, బొర్రా గుహలు, శీతాకాలపు పొగమంచు గురించి రాసేవారు ఎలాగూ ఉన్నారు కదా, మనం బండి ఆపడం గురించి రాద్దామనుకున్నాను. కొత్తవలస - కిరండూల్ లైనులో గూడ్సు గార్డుగా చాలా ఏళ్ళు చేసినవాడిని. ఆ ఘాటులో ఎక్కడం గొప్ప కాదు. ఇంజన్లు బలమైనవి ఉంటే ఎక్కేస్తాయి. దిగడమే విద్య.

మన పిల్లలకు, మనవలకు తెలియకపోవచ్చు గనుక కాస్త చరిత్ర చెబుతాను. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960లలో వేసిన లైను ఇది. దండకారణ్య - బొలంగీర్ - కిరిబురు ప్రాజెక్టు, అంటే మనం డి.బి.కె. అని పిలుచుకునేదానిలో భాగంగా తూర్పు కనుమలను తొలిచి వేశారు. సుమారు 445 కిలోమీటర్ల దారి. సొరంగాలే 58. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. కాశ్మీరు లైను వచ్చేదాకా దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అదే ఎత్తైనదని బోర్డు చూపించి గర్వపడేవాళ్ళం. ఖాళీ వ్యాగన్లు పైకి పోతాయి, ఖనిజంతో నిండిన బండి కిందికి వస్తుంది. శిమిలిగూడ దాటగానే కరకవలస, బొర్రా గుహలు, చిమిడిపల్లి, త్యాడ, శివలింగపురం మీదుగా మైదానం దాకా దిగుడే. 60 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు కిందికి దిగే వాలు. వేల టన్నుల ఇనుపరాయి వెనకనుంచి తోస్తూ ఉంటుంది. 1980ల తొలినాళ్ళలో కరెంటు ఇంజన్లు వచ్చాయి, ఆ దశాబ్దం చివర స్వీడను, జపాను నుంచి తెచ్చిన ఆరువేల అశ్వశక్తి ఇంజన్లూ వచ్చాయి. అయినా వాలు వాలే, బరువు బరువే.

ఇలాంటి చోట్ల రైల్వేవారు చేసిన ఏర్పాటు ఒకటుంది. స్టేషను వైపు 80కి ఒకటి కంటె ఎక్కువ వాలుగా లైను దిగుతూ వస్తుంటే అక్కడ క్యాచ్ సైడింగు పెట్టాలి. మామూలుగా పాయింట్లు ఆ సైడింగుకే కట్టి ఉంటాయి, మెయిన్ లైనుకు కాదు. అదుపు తప్పి వచ్చిన బండి ఎత్తుగా పోయే ఆ సైడింగులోకి ఎక్కి, ఇసుకలో కూరుకుని ఆగాలి. అదుపులో ఉన్న బండి మాత్రం ముందు ఆగి, తాను ఆగగలనని చూపించి, ఆ తరువాత పాయింట్లు మెయిన్ లైనుకు మారిస్తే ముందుకు పోవాలి. దీనిలోని తెలివి గమనించండి. "ఏదైనా తేడా వస్తే ఆగు" అని కాదు, "అంతా సరిగ్గా ఉందని తేలితేనే పో" అని. ఆగడమే మామూలు, పోవడమే ప్రత్యేక అనుమతి.

రెండో ఏర్పాటు గార్డు. బ్రేకు వానులో నా చేతికి అందేలా ఒక వాల్వు ఉండేది. డ్రైవరు మూడు పొట్టి కూతలు వేస్తే గార్డు బ్రేకు వేయాలి, అది నియమం. కాని వేగం హద్దు మీరిందని నాకు తోస్తే కూత కోసం చూడనక్కరలేదు, డ్రైవరు నాకంటె ఎన్నేళ్ళు సీనియరైనా సరే. వాల్వు తెరిచాక అడగవలసినవి అడుగుతారు, రాయవలసిన కాగితాలు రాస్తాం. ముందు బండి ఆగుతుంది. 2022లో గార్డు పేరు తీసేసి ట్రెయిన్ మేనేజరు అన్నారు. డ్రైవరు అంతకుముందే లోకో పైలటు అయ్యాడు. కాబట్టి పైలట్ల గురించి నాలుగు మాటలు రాసే హక్కు మన శాఖకు కొంత ఉన్నట్టే.

2010 మే 22 ఉదయం మంగుళూరులో జరిగిన ఘోరం చాలామందికి గుర్తుండే ఉంటుంది. దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 విమానం, 812 నంబరు సర్వీసు, ఆరు గంటలు దాటాక బజ్పె కొండ మీది రన్‌వే పైన దిగి, ఆగలేక చివరన లోయలో పడి కాలిపోయింది. 166 మందిలో 158 మంది పోయారు, ఎనిమిది మంది బయటపడ్డారు. ఎక్కువమంది గల్ఫులో కూలినాలి చేసుకుని ఇళ్ళకు వస్తున్నవారు. మన ఉత్తరాంధ్ర నుంచి కూడా ఎందరో అలాగే పోయి వస్తుంటారు, మా బంధువుల పిల్లలు ఉన్నారు. అందుకే ఆ వార్త నన్ను వదలలేదు. ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే అధ్యక్షతన వేసిన విచారణ సంఘం ఏమి తేల్చిందో ఓపిగ్గా చదివాను. రైల్వేలో విచారణ కాగితాలు చదివిన అలవాటు ఊరికే పోదు.

వారు తేల్చింది ఇది. కెప్టెను ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడు. లేచిన తరువాత కూడా ఆ మత్తు ఉండి ఉండవచ్చునన్నారు. మంగుళూరు రాడారు పనిచేయడం లేదు, అందువల్ల మామూలు కంటె దగ్గరికి వచ్చాక గాని దిగడానికి అనుమతి రాలేదు. దానికి తగినట్టు దిగుడు లెక్క వేసుకోకపోవడంతో విమానం ఉండవలసిన దానికంటె చాలా ఎత్తున మిగిలిపోయింది. అప్పుడు ముక్కు కిందికి వంచి గబగబ దిగారు. పక్కనున్న ఫస్ట్ ఆఫీసరు "గో అరౌండ్" అన్నాడు, అంటే దిగడం మానేసి పైకి లేచి, చుట్టు తిరిగి మళ్ళీ రండి అని. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాడు. యంత్రం కూడా పైకి లాగమని అరిచింది. అయినా కెప్టెను దించాడు. 8,033 అడుగుల రన్‌వేలో మొదటి 5,200 అడుగులు గాలిలోనే గడిచిపోయాక చక్రాలు నేల తాకాయి. తాకాక బ్రేకులు వేసి, చివరి క్షణంలో మళ్ళీ లేవడానికి ప్రయత్నించారు. అప్పటికి రెండూ కుదరలేదు. ఆ ఊళ్ళోనే 1981 ఆగస్టు 19న ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి చిన్న ఏవ్రో విమానం పాత రన్‌వే దాటి అంచున ఆగింది. అప్పుడు ఎవరూ పోలేదు.

విచారణ సంఘం చెప్పిన ఇంకొక మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కో-పైలటు తనంతట తాను గో అరౌండ్ చేయవచ్చా లేదా అన్నదానిపై ఉత్తర్వుల్లో స్పష్టత లేదు. బహుశా అందువల్లనే అతడు మళ్ళీ మళ్ళీ చెప్పాడు గాని కంట్రోళ్ళు తన చేతిలోకి తీసుకోలేదు అన్నారు. మా బ్రేకు వానులో వాల్వు ఉన్నట్టే అతని ముందు కూడా కంట్రోళ్ళు ఉన్నాయి. నాకు మాత్రం వాల్వు తెరవమని రూలు పుస్తకం స్పష్టంగా చెప్పింది. పైగా నేను డ్రైవరు ముఖం కనపడనంత దూరంలో, బండి చివర ఉండేవాణ్ణి. అతడు కెప్టెను భుజం పక్కనే కూర్చున్నాడు. పెద్దవాడి చేతిలోది లాక్కోవడం ఎంత కష్టమో ఆఫీసుల్లో పనిచేసిన మనకెవరికీ చెప్పనక్కరలేదు.

అసలు విమానాలకు కూడా మన క్యాచ్ సైడింగు లాంటి నియమం ఉంది, కాగితం మీద. మబ్బుల్లో దిగేటప్పుడు నేలకు వెయ్యి అడుగుల ఎత్తుకు, ఆకాశం తేటగా ఉంటే అయిదు వందల అడుగులకు వచ్చేసరికి విమానం కుదురుగా ఉండాలి. వేగం తగినంత, దిగే వేగం హద్దులో, చక్రాలు, ఫ్లాపులు సిద్ధంగా, రన్‌వేకు సూటిగా. ఇందులో ఏది లోపించినా పైకి లేవాలి. కాని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అనే అంతర్జాతీయ సంస్థ ఈ విషయాన్ని పరిశీలించి చెప్పిన అంకె వింటే గుండె జల్లుమంటుంది. వంద దిగుళ్ళలో మూడో నాలుగో కుదురుగా ఉండవట. అలా కుదురు లేనివాటిలో సుమారు 97 శాతం మంది పైకి లేవకుండా అలాగే దించేస్తారట. దాదాపు అన్నీ క్షేమంగానే ఆగుతాయి. చిక్కంతా అక్కడే ఉంది. ప్రతిసారీ ఆగింది కదా అన్న అనుభవమే ఆ పైలటుకు గురువు అవుతుంది. ఘాటులో ఒక పది బండ్లు వేగం మీరి కూడా క్షేమంగా దిగాయంటే పదకొండో డ్రైవరుకు వచ్చే ధైర్యం లాంటిది. పైగా గంటల తరబడి ప్రయాణం చేసి వచ్చాక రన్‌వే కళ్ళెదుట కనబడుతుంటే వదిలి పైకి పోవడానికి మనసు ఒప్పుకోదు.

పదేళ్ళు తిరిగాక 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో అదే కథ. అది కూడా కొండ మీది రన్‌వేనే. కరోనా రోజుల్లో దుబాయి నుంచి మనవాళ్ళను తెస్తున్న ప్రత్యేక విమానం, 190 మంది ఉన్నారు. జోరువాన. మొదటిసారి దిగబోయి పైకి లేచారు. రెండోసారి అవతలి కొస నుంచి, వెనక గాలితో దిగారు. రన్‌వేలో సగం దాకా వచ్చాక నేల తాకి, చివర దాటి కిందికి పడి ముక్కలైంది. పైలట్లిద్దరితో సహా 21 మంది పోయారు. ఇక్కడా పక్కనున్నవాడు గో అరౌండ్ అన్నాడనీ, కంట్రోళ్ళు తీసుకోలేదనీ విచారణ నివేదిక చెప్పింది. ఒకసారి పైకి లేచి వచ్చినవారు రెండోసారి లేవడం మరీ కష్టమేమో అనిపిస్తుంది నాకు.

పైకి లేవడం ఖర్చు లేని పనేమీ కాదని కూడా చెప్పాలి, లేకపోతే పైలట్లకు అన్యాయం చేసినట్టవుతుంది. మన రాష్ట్రంలోనే జరిగింది, 1993 నవంబరు 15న. మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్సు బేగంపేటలో సరిగా కనబడక దిగకుండా పైకి లేచింది. లేచాక ఫ్లాపులు ముడుచుకోలేదు. రెక్కలకు అవి వేలాడుతుంటే గాలి ఒత్తిడి పెరిగి ఇంధనం మామూలు కంటె వేగంగా ఖర్చవుతుంది. మద్రాసుకు తిరిగి పోతూ, చేరలేక, తిరుపతి దగ్గర వరిచేలో దించారు. విమానం పనికిరాకుండా పోయింది గాని లోపలున్న 262 మందీ బతికారు. ఆ రోజుల్లో పేపర్లలో పొలంలో కూర్చున్న విమానం బొమ్మ చూసి ఆశ్చర్యపోయినవారు మన సభ్యుల్లో చాలామంది ఉంటారు.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గర నుంచి విశాఖ వస్తుంటే మా విమానం చక్రాలు దించి, ఇళ్ళు కనబడేంత కిందికి వచ్చి, ఒక్కసారిగా గర్జించి పైకి పోయింది. చుట్టూ గొణుగుడు మొదలైంది. కనెక్షన్ బండి పోతుందని ఒకాయన, ఈ కుర్ర పైలట్లకు దించడం రాదని మరొకాయన. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏం ఫర్వాలేదు, పాయింట్లు సైడింగుకు కట్టారు, అంతే" అన్నాను. ఆమెకు అర్థమైంది, ముప్పై ఏళ్ళు రైల్వే క్వార్టర్సులో ఉన్న మనిషి. ఇరవై నిమిషాల తరువాత క్షేమంగా దిగాం. దిగేటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ పైలటుకు నమస్కారం పెట్టి "మంచి పని చేశారు బాబూ" అన్నాను. అతడు కాస్త తెల్లబోయినట్టు చూశాడు. బహుశా అలా ఎవరూ అనరేమో. గో అరౌండ్ చేసిన పైలటును ఎందుకు చేశావని శిక్షించే ధోరణి కంపెనీల్లో ఉండకూడదని ఆ ఫౌండేషన్ వారు కూడా గట్టిగా చెప్పారు.

ఇక ఇసుక సంగతి. రన్‌వే చివర దాటిన విమానాన్ని పట్టుకోవడానికి అమెరికావారు తేలికపాటి సిమెంటు దిమ్మెలు పరచడం మొదలుపెట్టారు. బరువుకు ఆ దిమ్మెలు నలిగి చక్రాలు కూరుకుపోతాయి. మొదటిది 1996లో న్యూయార్కు కెనెడీ విమానాశ్రయంలో వేశారు. 1999లో అక్కడే రన్‌వే దాటిన ఒక చిన్న విమానాన్ని అది ఆపేసింది. ఈ వార్త చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది, మన ఘాటులో తాతల కాలం నుంచి ఉన్నదే కదా అని. మన ఇసుకకు పోషణ మాత్రం ఎక్కువ. వానలకు అణిగి గట్టిపడితే బండి దాని మీద నుంచి జారిపోతుంది. అందుకే అరకు వానలు వెలిశాక గ్యాంగ్‌మన్‌లు, వాళ్ళలో చాలామంది ఆ కొండల గిరిజనులే, పారలతో ఆ ఇసుకను మళ్ళీ తిరగేసి గుల్ల చేసేవారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మా బండి ఆ ఇసుకలోకి ఎక్కింది లేదు. వాళ్ళు మాత్రం ఏటా తిరగేస్తూనే ఉండేవారు.