టైబీరియస్ చక్రవర్తి, మన నేలలోని రోమన్ నాణేలు

వరంగల్‌కు దక్షిణాన, నల్లగొండ ప్రాంతంలోని అక్కన్‌పల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు లభించాయి. మన దేశంలో దొరికే ఇట్టి నాణేలలో అధికభాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవే.

అగస్టస్‌కు సవతి కుమారుడైన టైబీరియస్ క్రీ.పూ. 42లో జన్మించాడు. పేరుగన్న సేనాని, క్రీ.శ. 14లో, 55వ ఏట, చక్రవర్తి అయ్యాడు. పొదుపరి. రత్నాల మోజువల్ల రోము ధనం పరదేశాల పాలవుతున్నదని 22లో సెనేటుకు వ్రాసిన లేఖలో వాపోయాడని చరిత్రకారుడు టాసిటస్ తెలిపాడు. అయితే చట్టాలతో ఆ విలాసాన్ని అరికట్టలేమని కూడా అంగీకరించాడు. ఆ ధనంలో కొంత శాతవాహన యుగపు వర్తకం ద్వారా మన ప్రాంతానికి చేరింది.

26లో ఆయన రోమును వీడి, కాప్రీ ద్వీపంలో ఏకాంతవాసం సాగించాడు. అధికారం సెజానస్ చేతిలో పడింది. రాజద్రోహ విచారణలలో అనేకులు బలయ్యారు. చివరకు 31లో సెజానస్‌కే మరణశిక్ష పడింది. 37లో టైబీరియస్ మరణించగా, ఆయన కూడబెట్టిన ఖజానాను వారసుడు కాలిగులా అనతికాలంలోనే ఖర్చు చేశాడు.

ఆ వెండి నాణెం పేరు దెనారియస్. అరబీలోని 'దీనార్' పదానికి మూలం అదే. ఒక్క దీనార్‌ను అమానతుగా అప్పగించినా తిరిగి ఇవ్వనివారిని గురించి దివ్య ఖుర్‌ఆన్ (3:75) హెచ్చరించింది. ధనం ఎవరి వద్దనైనా అమానతే. టైబీరియస్ చరిత్ర మనకు ఈ విషయాన్నే గుర్తుచేస్తున్నది.